సూది మొన మీద తిరిగిన గొట్టం

ఇరాన్ అణు చర్చల వార్తల్లో సెంట్రిఫ్యూజ్‌ల లెక్క లేకుండా ఉండదు. ఆ యంత్రం రూపుదిద్దుకున్నది నల్ల సముద్రం ఒడ్డున, సుఖుమిలో. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సోవియట్ ప్రభుత్వం పట్టుకున్న జర్మన్, ఆస్ట్రియన్ శాస్త్రవేత్తలను అక్కడ పనికి పెట్టింది. వారిలో గెర్నోట్ జిప్పే ఒకడు.

ప్రకృతిలో దొరికే యురేనియంలో అణువిచ్ఛిత్తికి పనికొచ్చే 235 రకం 0.7 శాతమే. మిగతాదంతా దాదాపు 238. రసాయనికంగా రెండూ ఒకటే, తేడా బరువులోనే, అదీ రవ్వంత. వాయువుగా మార్చి గొట్టంలో విపరీతమైన వేగంతో తిప్పితే బరువైనది గోడవైపు జరుగుతుంది, తేలికైనది మధ్యలో ఎక్కువగా మిగులుతుంది. ఆ తిరిగే గొట్టమే సెంట్రిఫ్యూజ్, 235 వాటాను ఇలా పెంచడమే శుద్ధి. ఈ ఊహ పాతదే. ఆ వేగానికి తట్టుకునే యంత్రం కట్టలేక అమెరికా యుద్ధకాలంలోనే దాన్ని పక్కన పెట్టింది. సుఖుమి బృందం గొట్టాన్ని బొంగరంలా సన్నని సూది మొన మీద నిలిపింది. పైకొసను ఏదీ తాకకుండా అయస్కాంతంతో పట్టి ఉంచింది. రాపిడి దాదాపు పోయింది, కరెంటు ఖర్చు పడిపోయింది.

1956లో జిప్పేను వదిలిపెట్టారు. కాగితాలేవీ వెంట తెచ్చుకోనివ్వలేదు. అయినా కొద్ది ఏళ్లకే అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఆ యంత్రాన్ని జ్ఞాపకం నుంచే మళ్లీ కట్టాడు. ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసేది ఇదే. ఇలాంటి విద్యను సరిహద్దులో సోదా చేసి ఆపలేరు.

1970లో బ్రిటన్, నెదర్లాండ్స్, పశ్చిమ జర్మనీ అల్మెలో ఒప్పందంతో ఈ పద్ధతిని ఉమ్మడి పరిశ్రమగా మార్చాయి. దానికి పనిచేసే డచ్ సంస్థలో చేరిన పాకిస్థాన్ లోహశాస్త్రవేత్త అబ్దుల్ ఖదీర్ ఖాన్ 1975 చివర్లో నమూనాల వివరాలతో పాకిస్థాన్ చేరాడు. తర్వాత ఆయన నడిపిన రహస్య సరఫరా ముఠా ద్వారానే 1987లో ఇరాన్‌కు తొలి నమూనాలు అందాయి.

2002లో ఇరాన్ ప్రవాస ప్రతిపక్షం నతాంజ్‌లోని రహస్య శుద్ధి కేంద్రం గుట్టు బయటపెట్టింది. మరుసటి ఏడాది బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ విదేశాంగ మంత్రులు టెహ్రాన్ వెళ్తే ఇరాన్ శుద్ధి ఆపడానికి ఒప్పుకుంది. అప్పటికి దాని యంత్రాలు వందల్లోనే. కానీ ఇరాన్‌లో ఒక్కటీ తిరగకూడదన్న పాశ్చాత్య దేశాల పట్టుదల దగ్గర బేరం చెడింది. 2006 నుంచి ఒకవైపు ఆంక్షలు, మరోవైపు కొత్త యంత్రాలు. 2013 నాటికి సుమారు 19,000. నా దృష్టిలో దౌత్యం పోగొట్టుకున్న పదేళ్లు అవి.

చివరికి 2015లో అమెరికా ఇంధన మంత్రి ఎర్నెస్ట్ మోనిజ్, ఇరాన్ అణు సంస్థ అధిపతి అలీ అక్బర్ సలేహీ ఎదురెదురుగా కూర్చున్నారు. మోనిజ్ పాఠాలు చెప్పిన ఎంఐటీలోనే సలేహీ డాక్టరేట్ చేశాడు. విదేశాంగ మంత్రులు తేల్చలేని సాంకేతిక చిక్కులను ఈ ఇద్దరూ విప్పారు. జూలై 14న వియన్నాలో ఒప్పందం ఖరారైంది: నతాంజ్‌లో తిరిగేవి 5,060 యంత్రాలే, శుద్ధి 3.67 శాతం దాటకూడదు, నిల్వ 300 కిలోలకు మించకూడదు, తనిఖీ అధికారులకు అడ్డు ఉండకూడదు.

ఈ పరిమితుల గడువులు ముగిశాక ఏమిటన్న ప్రశ్న అందులో మిగిలే ఉంది. అయినా ఇరాన్ హద్దుల్లోనే ఉందని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నివేదిక తర్వాత నివేదికలో చెప్పింది. 2018 మేలో అమెరికా ఒప్పందం నుంచి బయటికి వెళ్లిపోయింది. 2021లో ఇరాన్ 60 శాతం శుద్ధికి చేరింది. బాంబుకు కావలసిన 90 శాతానికి అక్కడినుంచి దూరం చాలా తక్కువ. 2025 మే నాటికి 60 శాతం సరుకు 400 కిలోలు దాటింది. జూన్‌లో ఇజ్రాయెల్, ఆపై అమెరికా ఇరాన్ మీద దాడులు చేశాయి. ఆ తర్వాత ఇరాన్ తనిఖీలకు సహకారం నిలిపేసింది. సెప్టెంబరులో, 2015 ఒప్పందంతో తొలగిన ఐక్యరాజ్యసమితి ఆంక్షలు తిరిగొచ్చాయి.

మళ్లీ చర్చలకు కూర్చునేవాళ్లు అన్నిటికన్నా ముందు తనిఖీ అధికారులను లోపలికి పంపే దారి చూడాలి. ఎన్ని యంత్రాలు తిరుగుతున్నాయో, ఎంత సరుకు ఉందో ప్రపంచానికి నమ్మకంగా తెలిసింది వాళ్లు అక్కడ ఉన్నప్పుడే.