ఫైల్ బదిలీ ప్రోగ్రామ్: వినియోగదారులు కోరే సౌకర్యాలేమిటి?

ఒక కంప్యూటర్‌లోని ఫైళ్లను నెట్‌వర్క్ ద్వారా మరో కంప్యూటర్‌కు గానీ, దూరాన ఉన్న సర్వర్‌కు గానీ చేరవేసే సాఫ్ట్‌వేర్‌ను ఫైల్ బదిలీ ప్రోగ్రామ్ అంటారు. వెబ్‌సైట్ల నిర్వాహకులు, ముద్రణాలయాలు, ఫొటో స్టూడియోలు, పరిశోధన సంస్థలు, రేడియో కేంద్రాలు వీటిని నిత్యం వినియోగిస్తుంటాయి. ఫైల్‌జిల్లా, విన్‌ఎస్‌సీపీ, సైబర్‌డక్ ఈ కోవలో పేరున్నవి. ఇటువంటి ప్రోగ్రామ్‌ల ప్రచారంలో వేగానికే పెద్దపీట వేస్తారు. ప్రతిరోజూ వాడేవారు మాత్రం ముందుగా వేరే విషయం అడుగుతారు. ఫైలు పూర్తిగా చేరకపోతే, చేరలేదన్న సంగతి ఈ ప్రోగ్రామ్ కచ్చితంగా చెబుతుందా?

రేడియో వార్తా విభాగంలో పనిచేసేవారికి ఈ ప్రశ్న విలువ బాగా తెలుసు. జిల్లా కేంద్రం నుంచి ధ్వని నివేదిక వస్తుంది. ఫోల్డర్‌లో దాని పేరు, తేదీ సక్రమంగానే కనిపిస్తాయి. తీరా ప్రసారం మొదలయ్యాక, మూడో నిమిషంలో మాట మధ్యలోనే తెగిపోతుంది. వచ్చింది సగం ఫైలేనని అప్పుడు గానీ తెలియదు. ఈ వ్యాసకర్తకు ఇటువంటి అనుభవాలు ఒకటికి మించే ఉన్నాయి.

భారతీయుడు రాసిన తొలి నియమావళి

కంప్యూటర్ల మధ్య ఫైళ్ల బదిలీకి తొలి నియమావళిని రూపొందించినది అలహాబాద్‌లో జన్మించిన అభయ్ భూషణ్. ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్ విద్యార్థి అయిన ఆయన, అమెరికాలోని ఎంఐటీలో ఉండగా 1971 ఏప్రిల్‌లో ఈ నియమావళిని ఆర్‌ఎఫ్‌సీ 114 అనే పత్రంగా వెలువరించారు. అదే ఎఫ్‌టీపీ. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ కోసం రాసిన ఆ నిబంధనలు పలు మార్పులు పొంది, 1985 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 959గా స్థిరపడ్డాయి. నేటి ప్రోగ్రామ్‌లలోని అనేక సౌకర్యాలకు, కొన్ని చిక్కులకు కూడా మూలం అక్కడే ఉంది.

అటువంటి చిక్కుల్లో ఒకటి రెండు మార్గాల పద్ధతి. ఎఫ్‌టీపీలో ఆదేశాలు 21వ పోర్టు ద్వారా వెళ్తాయి. ఫైలు, ఫోల్డర్ జాబితా మాత్రం వేరే అనుసంధానం మీద ప్రయాణిస్తాయి. పాత పద్ధతిలో ఆ రెండో అనుసంధానాన్ని సర్వరే మన కంప్యూటర్ వైపు తెరవాలి. ఇళ్లలో, కార్యాలయాల్లో ఉండే రౌటర్లు, ఫైర్‌వాల్‌లు బయటి నుంచి వచ్చే అటువంటి పిలుపును సాధారణంగా అడ్డుకుంటాయి. అందువల్ల లాగిన్ అయిన తరువాత కూడా జాబితా కనిపించక, తెర ఖాళీగా ఉండిపోతుంది. రెండు అనుసంధానాలనూ మన కంప్యూటరే మొదలుపెట్టే పద్ధతిని పాసివ్ మోడ్ అంటారు. ఈ ఎంపికను వినియోగదారుకు వదలక, ప్రోగ్రామే పరిస్థితిని బట్టి నిర్ణయించుకోవాలన్నది సమంజసమైన కోరిక.

ఆగిన చోటి నుంచే కొనసాగింపు

సెకనుకు 48 వేల నమూనాలతో, 16 బిట్ల స్టీరియోలో రికార్డు చేసిన వేవ్ ఫైలు నిమిషానికి సుమారు 11.5 మెగాబైట్ల స్థలం తీసుకుంటుంది. పది నిమిషాల కార్యక్రమం 115 మెగాబైట్లు. పంపే వేగం సెకనుకు 2 మెగాబిట్లయితే, ఏ అంతరాయమూ లేకున్నా దాదాపు ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఏడో నిమిషంలో కరెంటు పోతే, లేదా మొబైల్ సిగ్నల్ తెగిపోతే మళ్లీ మొదటి నుంచి పంపడం కాలహరణమే కాక, డేటా వృథా కూడా. అందుకే వినియోగదారుల కోరికల్లో తొలి స్థానం కొనసాగింపు సౌకర్యానిది. ఎన్ని బైట్లు చేరాయో సర్వర్‌ను అడిగి, ఆ తరువాతి బైటు నుంచి పంపడం దీని పనితీరు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. అంతరాయానికీ, కొనసాగింపునకూ మధ్య ఎవరైనా మూల ఫైలును సవరిస్తే, పాత ప్రతి మొదటి సగం, కొత్త ప్రతి రెండో సగం కలిసి అతుకుల బొంత తయారవుతుంది. దాని మొత్తం పరిమాణం సరిపోవచ్చు కూడా. అందువల్ల పరిమాణం ఒక్కటే చూసి ఊరుకోక, మార్పు జరిగిన సమయాన్ని సైతం పోల్చి, తేడా ఉంటే వినియోగదారును హెచ్చరించే ప్రోగ్రామ్ మేలైనది.

సగం ఫైలు పూర్తి ఫైలుగా చలామణీ కాకుండా చూడటానికి చక్కని పద్ధతి ఒకటుంది. బదిలీ జరుగుతున్నంత సేపూ ఫైలుకు తాత్కాలిక నామం పెట్టి, చివరి బైటు చేరిన తరువాతే అసలు పేరు ఇవ్వాలి. విన్‌ఎస్‌సీపీ ఎస్‌ఎఫ్‌టీపీ బదిలీల్లో పెద్ద ఫైళ్లకు పేరు చివర ‘ఫైల్‌పార్ట్’ అనే తోక తగిలించి ఇదే పని చేస్తుంది. ఆ తోక ఉన్నంత కాలం అవతలివారికి విషయం అర్థమవుతుంది. ఈ ఒక్క ఏర్పాటు ఉంటే పైన చెప్పిన మూడో నిమిషపు అనుభవం చాలావరకు తప్పుతుంది.

ఇంకా నిశ్చయం కావాలనుకునేవారు చెక్‌సమ్‌ను కోరతారు. ఫైలులోని బైట్లన్నింటినీ గణించి ఒక చిన్న ముద్రను తయారు చేయడం ఈ విధానం. షా-256 పద్ధతిలో ఆ ముద్ర 64 అక్షరాంకాల పొడవుంటుంది. ఫైలులో ఒక్క బిట్టు మారినా ముద్ర మారిపోతుంది. పంపిన చోట, అందిన చోట ముద్రలు సరిపోలితే ఫైలు చెక్కుచెదరలేదని భావించవచ్చు. రికార్డింగ్‌లను దశాబ్దాల పాటు భద్రపరిచే సంస్థలకు ఇది అదనపు హంగు కాదు, అవసరం.

పాత నియమావళి నుంచి వచ్చిన మరో ఉచ్చును ఇక్కడే చెప్పుకోవాలి. ఎఫ్‌టీపీలో పాఠ్యానికి ఒక పద్ధతి, మిగతా ఫైళ్లకు ‘బైనరీ’ పద్ధతి ఉన్నాయి. పాఠ్య పద్ధతిలో పంక్తి చివరి గుర్తులు యంత్రాన్ని బట్టి మారిపోతాయి. పొరపాటున ధ్వని ఫైలునో, జిప్ ఫైలునో ఆ పద్ధతిలో పంపితే పాడైపోతుంది. కొత్తవారికి ఈ ప్రశ్న ఎదురు కాకుండా బైనరీనే నియమంగా ఉంచడం ఉత్తమం.

తెలుగు పేర్లతో వచ్చే ఇబ్బందులు

మన పాఠకులకు నేరుగా సంబంధించిన విషయం ఫైలు పేర్లు. ఇంగ్లిషు అక్షరం ఒక్కో బైటులో ఇమిడిపోతుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు కావాలి. అందునా మనం అక్షరంగా భావించేది కంప్యూటర్‌కు ఒకటే సంకేతం కాదు. ‘శ్రీకాకుళం’ మనకు నాలుగు అక్షరాలు. హల్లు, పొల్లు, వత్తు, గుణింతపు గుర్తు, సున్న విడివిడిగా లెక్కించే కంప్యూటర్‌కు అవి పది సంకేతాలు, 30 బైట్లు. లినక్స్ సర్వర్లలో సాధారణంగా ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. అంటే పూర్తిగా తెలుగులో రాసిన పేరుకు 85 సంకేతాలే గరిష్ఠ పరిమితి. వార్త శీర్షిక మొత్తాన్ని ఫైలు పేరుగా పెట్టే అలవాటు మా వృత్తిలో ఉంది. విండోస్ పరిమితిని బైట్లలో కాక వేరేగా లెక్కిస్తుంది గనుక అక్కడ చక్కగా నిలిచిన పేరు, సర్వర్‌కు వెళ్లేసరికి తిరస్కరణకు గురవుతుంది. కారణం తెలియనివారు ఇంటర్నెట్‌ను నిందిస్తారు.

ఇంతకంటే సూక్ష్మమైన సమస్య ఐత్వానిది. యూనికోడ్‌లో ‘హైదరాబాద్’ అన్న పదంలోని ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు. పైనున్న ఎత్వం, కిందనున్న తోక అంటూ రెండు గుర్తులుగానూ రాయవచ్చు. చూపునకు రెండూ ఒకటే. యాపిల్ మ్యాక్ కంప్యూటర్లలో చాలాకాలం వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ వ్యవస్థ అటువంటి గుర్తులను విడదీసి నిల్వ చేసేది. విండోస్ నుంచి వచ్చిన పేరులో ఐత్వం ఒకే గుర్తుగా ఉంటుంది. బైట్లను మాత్రమే పోల్చే ప్రోగ్రామ్‌కు ఈ రెండూ వేర్వేరు ఫైళ్లు. ఫలితంగా సర్వర్‌లో రెండు ‘హైదరాబాద్’లు పక్కపక్కనే కూర్చుంటాయి. వాటిలో తాజాది ఏదో చెప్పడం కష్టం. పొల్లు తరువాత వత్తు పడకుండా ఆపే అదృశ్య సంకేతం ఒక పేరులో ఉండి, మరో పేరులో లేకపోయినా ఇదే తంతు.

ఎఫ్‌టీపీలో ఇంగ్లిషేతర పేర్లకు యూటీఎఫ్-8 వాడాలన్న నిబంధన 1999 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2640తో వచ్చింది. దాన్ని పాటించని పాత సర్వర్లలో తెలుగు పేరు అర్థంకాని గుర్తుల గుంపుగా మారుతుంది. పంపే ముందే పేరు పొడవును బైట్లలో లెక్కించి చెప్పడం, రూపంలో ఒకేలా ఉన్న పేర్లను గుర్తించడం, విండోస్ అంగీకరించని కోలన్, ప్రశ్నార్థకం వంటి గుర్తులను ముందుగానే చూపడం అనే మూడూ భారతీయ భాషల వినియోగదారులు గట్టిగా అడగవలసిన సౌకర్యాలు. ఇంగ్లిషు పేర్లే పెట్టుకొమ్మని సలహా ఇవ్వడం సులభమే. తెలుగు పేరుతో భద్రపరచిన జానపద గేయాల సేకరణను అలా మార్చాలంటే మాత్రం ఎవరికైనా చేతులు రావు.

ఏది కొత్తది, ఏది పాతది?

రెండు చోట్ల ఉన్న ఫోల్డర్లను సమానంగా ఉంచడాన్ని సింక్ అంటారు. ఈ రంగంలో ఆస్ట్రేలియా నేషనల్ యూనివర్సిటీలో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ రూపొందించి 1996లో విడుదల చేసిన ఆర్‌సింక్ ప్రసిద్ధమైనది. ఫైలును ముక్కలుగా పోల్చి, మారిన భాగాలను మాత్రమే పంపడం దాని ప్రత్యేకత.

సింక్‌లో అసలు చిక్కు గడియారంతో వస్తుంది. సర్వర్ సమయాన్ని యూటీసీలో చూపుతుంటే, మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. ఉదయం 10 గంటలకు మీ కంప్యూటర్‌లో ఫైలును మార్చారనుకుందాం. మధ్యాహ్నం ఒంటిగంటకు సహోద్యోగి సర్వర్‌లోని ప్రతిని సరిదిద్దారు. సర్వర్ దాన్ని 7.30 అని నమోదు చేస్తుంది. ఆ తేడాను సవరించుకోని ప్రోగ్రామ్ మీ 10 గంటల ప్రతే తాజాదని భావించి, సహోద్యోగి శ్రమను చెరిపివేస్తుంది. జాబితాలో సమయాన్ని స్పష్టంగా యూటీసీలో తెలిపే ఏర్పాటు 2007 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3659లో ఉంది. దాన్ని పాటించని సర్వర్ల కోసం గంటలతో పాటు నిమిషాలను కూడా సవరించుకొనే వీలుండాలి. ఐదున్నరలోని ఆ ‘అర’ మనకు ముఖ్యం.

సింక్‌కు ముందు ఏ ఫైళ్లు వెళ్తాయో, ఏవి మారతాయో, ముఖ్యంగా ఏవి తొలగిపోతాయో జాబితాగా చూపి అనుమతి అడగాలి. దిశ తారుమారైతే, ఖాళీ ఫోల్డర్‌కు సమానం చేసే ఉద్దేశంతో నిండు ఫోల్డర్‌ను ప్రోగ్రామ్ ఖాళీ చేయగలదు.

భద్రత

ఎఫ్‌టీపీ పుట్టిన కాలంలో నెట్‌వర్క్ కొద్దిమంది పరిశోధకులది. అందులో పాస్‌వర్డ్ బహిరంగంగానే ప్రయాణిస్తుంది. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల దొంగతనం జరిగిన తరువాత, తాతు యూలోనెన్ అనే పరిశోధకుడు ఎస్‌ఎస్‌హెచ్‌ను రూపొందించారు. ఎఫ్‌టీపీది 21వ పోర్టు, టెల్‌నెట్‌ది 23వది కాగా, ఆ రెండింటి మధ్య ఖాళీగా ఉన్న 22ను తన కొత్త పద్ధతికి ఆయన అడిగి తీసుకున్నారు. దానిపై ఆధారపడిన ఎస్‌ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్, ఫైలు రెండూ గుప్తలిపిలో వెళ్తాయి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు 2021లో పాత ఎఫ్‌టీపీకి స్వస్తి చెప్పాయి.

సర్వర్ గుర్తింపు ముద్ర మారినప్పుడు స్పష్టమైన హెచ్చరిక రావాలి. దాన్ని చదవకుండానే ‘సరే’ నొక్కే అలవాటు మనలో చాలామందికి ఉంది. దాచిన పాస్‌వర్డ్‌ల సంగతీ అంతే ముఖ్యం. మాస్టర్ పాస్‌వర్డ్‌తో వాటిని కాపాడే సౌకర్యం ఫైల్‌జిల్లాలో 2017లో చేరింది. అంతకుముందు 2014 జనవరిలో, లాగిన్ వివరాలను తస్కరించే నకిలీ ఫైల్‌జిల్లా ప్రతులు ప్రచారంలో ఉన్నాయని భద్రతా సంస్థ అవాస్ట్ హెచ్చరించింది. ప్రోగ్రామ్‌ను అధికారిక వెబ్‌సైట్ నుంచే దించుకోవాలని చెప్పడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు. సంస్థలు వాడే భారీ బదిలీ వ్యవస్థలూ ఇందుకు అతీతం కావు. 2023లో మూవ్‌ఇట్ అనే సాఫ్ట్‌వేర్‌లోని లోపం ద్వారా అనేక సంస్థల సమాచారం అపహరణకు గురైంది. బాధితుల్లో బీబీసీ ఉద్యోగులూ ఉన్నారు.

అర్థమయ్యే భాష, అందరికీ అందే తెర

సర్వర్ 530 అంటే లాగిన్ చెల్లలేదని, 550 అంటే ఫైలు అందుబాటులో లేదని లేదా అనుమతి లేదని, 552 అంటే కేటాయించిన నిల్వ మించిపోయిందని భావం. అంకె మాత్రమే చూపి ఊరుకునే ప్రోగ్రామ్ కంటే, తదుపరి ఏం చేయాలో మామూలు మాటల్లో చెప్పేదే వినియోగదారుకు మేలు చేస్తుంది. బదిలీ వేగానికి పరిమితి పెట్టుకొనే వీలు, బదిలీ ముగిసేవరకు కంప్యూటర్ నిద్రావస్థలోకి వెళ్లకుండా చూసే ఏర్పాటు చిన్నవిగా కనిపించినా నిత్యం అక్కరకు వస్తాయి.

ఫైలును మౌస్‌తో లాగి వదలడం చాలామందికి సులువు. చూపులేనివారికి అది సాధ్యపడదు. ప్రతి పనికీ కీబోర్డు మార్గం ఉండాలి. ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్లు బదిలీ ఎంత శాతం పూర్తయిందో చదవగలగాలి. రంగు పట్టీ ఒక్కటే నిండుతూ పోతే వారికి ఏమీ తెలియదు.

ఏ ప్రోగ్రామ్‌నైనా ఎంచుకొనే ముందు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. వంద మెగాబైట్లకు మించిన ఫైలుకు ‘హైదరాబాద్’ అన్న పదం వచ్చే తెలుగు పేరు పెట్టి పంపాలి. సగంలో నెట్ కేబుల్ తీసివేసి, రెండు నిమిషాల తరువాత మళ్లీ తగిలించాలి. అది ఆగిన చోటి నుంచి సాగిందా, పేరు చెడలేదా, తేదీ మారలేదా, రెండు వైపులా చెక్‌సమ్ సరిపోయిందా అన్నవి చూసుకోవాలి. దీనికి అరగంట చాలు.