ఋషికుల్య ఇసుకకు కాపలా

మొన్న మార్కండి ఒడ్డున కూర్చున్నప్పుడు మనవాళ్ళలో ఒకరు అడిగారు, తాబేళ్ళను చూడ్డానికి జనం ఋషికుల్యకే ఎందుకు పోతారని. మార్కండికీ ఒకటీ అరా వస్తాయి. లక్షల్లో కలిసి వచ్చేది మాత్రం గంజాం దగ్గర ఋషికుల్య మొగకే. రైల్లో ఛత్రపురం దాటాక వంతెన కింద కనిపించే నది అదే.

ఈ మొగ సంగతి శాస్త్రజ్ఞుల పుస్తకాల్లోకి ఎక్కింది 1994లో, బివాష్ పాండవ్ గారి వల్ల. గహీర్‌మఠ 1974లో, దేవి మొగ 1981లో తెలిశాయి, ఇది మూడోది. "కనుగొన్నారు" అని రాస్తే మాకు నవ్వొస్తుంది. పురుణాబంధ, పొడంపేట వైపు వేటకు పోయే మన తెలుగువాళ్ళు అప్పటిదాకా కళ్ళు మూసుకుని వలలు లాగారా? తాబేలు వాళ్ళకు కూర్మావతారం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేవరకు శ్రీకూర్మం కూడా గంజాం జిల్లాలోనిదే కదా. వలలో పడితే దండం పెట్టి వదిలేసేవాళ్ళని పెద్దలు చెప్పగా విన్నాం.

భక్తి ఒక్కటే సరిపోలేదు. ట్రాలర్లు వచ్చాయి, వలల్లో ఊపిరాడక చచ్చినవి ఒడ్డుకు కొట్టుకొచ్చేవి. అందుకని నవంబరు 1 నుంచి మే 31 దాకా ఈ మొగల దగ్గర 20 కిలోమీటర్ల లోపల వేట ఆపేస్తారు. ఏడు నెలలండీ. మాకు ఏడు నెలలు జీతం ఆపితే ఏ యూనియన్ ఊరుకునేది?

అలా వేట పోయిన ఇళ్ళ కుర్రాళ్ళే రాత్రుళ్ళు ఇసుక కాస్తున్నారు. తల్లి వందకు పైగా గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, 45–50 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. వెలుతురు ఎటుంటే అటు పాకడం వాటి స్వభావం. పూర్వం రాత్రిపూట సముద్రమే మెరిసేది. ఇప్పుడు ఊళ్ళ దీపాలు, ఫ్యాక్టరీల దీపాలు. దారి తప్పి లోపలికి పాకినవాటిని కుక్కలూ కాకులూ తింటాయి. కుర్రాళ్ళు అడ్డంగా వల కట్టి, ఆగినవాటిని బకెట్లలో ఎత్తి నీళ్ళ దగ్గర వదులుతారు. మద్రాసులో ఇలాగే విద్యార్థులు 1988 నుంచి రాత్రి నడకలు నడుస్తున్నారు.

ఒక ఏప్రిల్లో మా సంఘం నుంచి పదకొండు మందిమి సాయానికి వెళ్ళాం. సాయమని మేమనుకున్నాం. మాలో ఒకరు టార్చి వేశారు, ఇంకొకరు ఫోన్ ఫ్లాష్ కొట్టారు. పిల్లలన్నీ సముద్రం వదిలి మావైపు తిరిగాయి. ఒక ముసలాయన గట్టిగా, "బాబూ, దీపం ఆర్పండి, లేకపోతే ఇంటికెళ్ళండి" అన్నాడు. ఆర్పేశాం. తెల్లారాక చూస్తే మేం తెచ్చుకున్న టిఫిను పొట్లాల కాగితాలు గాలికి గుడ్ల మీదే పరుచుకుని ఉన్నాయి. ఏరేసరికి ఎనిమిదైంది.

2024లో మొగకు గుంపుగా రానే లేదు. 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షలు వచ్చాయి. ఎందుకు రావో, ఎందుకు వస్తాయో ఇసుకకే తెలియాలి. ఆ ఇసుకా నిలకడగా లేదు. పొడంపేటను సముద్రం కోసుకుంటూ వస్తే ఊరే లోపలికి జరగాల్సి వచ్చింది. ఇళ్ళు పోయినవాళ్ళు కూడా గుడ్లకు కాపలా ఉన్నారు.

ఈసారి పిల్లలు బయటికొచ్చే రోజుల్లో మళ్ళీ వెళ్తున్నాం. వచ్చేవాళ్ళు పేర్లివ్వండి. గోనె సంచి తెచ్చుకోండి, టార్చి ఇంట్లో పెట్టి రండి.