కొట్టొద్దన్న డప్పు, కొట్టమన్న డప్పు

అమెరికాలో బ్లూస్ పండుగలని జరుగుతుంటాయి. ఊరి బయట మైదానంలో రెండు మూడు రోజులు పాటలు, అక్కడే తిండి, అక్కడే గుడారాలు వేసుకుని పడుకోవడం. బ్లూస్ అంటే పత్తి చేలల్లో, ఖైదీల కూలి ముఠాల్లో, రైలు కట్టల మీద నల్లవాళ్ళ బతుకులోంచి వచ్చిన పాట. ఈ పండుగల్లో కొన్ని డబ్బు కోసం నడిచేవి, కొన్ని ఆ ఊరి జనం తమంతట తాము నడుపుకునేవి. రెండో రకం వాటి గురించి చదువుతుంటే నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. పొదిలి చుట్టుపక్కల మాదిగపల్లెల్లో పుట్టినవాళ్ళెవరికీ అనిపించదు.

మా పల్లెలో మూడు రాత్రుల సభలంటే ఇంచుమించు ఇదే. ఇంటికింతని చందా, దానితోపాటు బియ్యం. పక్క పల్లెల నుంచి చుట్టాలు ట్రాక్టర్ల మీద దిగేవాళ్ళు. అంతకుముందు కాలంలో నడిచొచ్చేవాళ్ళంట. పందిరి కింద గోనెపట్టాలు, చాపలు పరుచుకుని పిల్లాజెల్లా అక్కడే పడుకునేది. గాడిపొయ్యి మీద డేగిసాలతో అన్నం, పప్పు. నడిరాత్రి దాకా పాట. హార్మోనియం ఉండేది, కంజీర ఉండేది, తాళాలు ఉండేవి. డప్పు మాత్రం ఉండేది కాదు. పందిరికి నాలుగు గజాల అవతల ఇళ్ళల్లో దూలాలకు డప్పులు వేలాడుతుండేవి. అవి మాత్రం పందిట్లోకి వచ్చేవి కావు. చిన్నప్పుడు నాకు ఇది వింతనిపించలేదు. యూనివర్సిటీకి పోయి నల్లవాళ్ళ చరిత్ర చదివాక అనిపించింది. వాళ్ళ పాటకు గుండెకాయ లాంటిది తాళం. మన గుంపు తన చేతిలో ఉన్న తాళాన్ని తానే ఎందుకు బయట పెట్టుకుంది?

ఈ సభల మూలం వెదికితే 1867 జనవరి దాకా పోవాలి. ఒంగోలుకు పడమరనున్న తాళ్లకొండపాడులో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఉండేవాడు. తోళ్ళ వ్యాపారం చేస్తూ ఊళ్ళు తిరిగేవాడు. క్రైస్తవంలోకి రాకముందు యోగమార్గంలో గురువుల దగ్గర నేర్చుకున్నవాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఆ ఊరు వచ్చేసరికి ముప్పై నలభై మంది చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి ఉన్నారు. వంటపాత్రలు, తిండిగింజలు, కప్పుకునే గుడ్డలు వెంట తెచ్చుకున్నారు. కొన్నాళ్ళు అక్కడే ఉండిపోవడానికి సిద్ధపడి వచ్చారన్నమాట. చివరికి 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మిషన్ చరిత్రలన్నీ దీన్ని దొర ఘనతగా రాసుకుంటాయి. కాని మనం గమనించాల్సింది వేరే ఉంది. ఆ గుంపును కూర్చింది పేరయ్య. తిండి తెచ్చుకున్నది జనం. దొర పిలవబడి వచ్చిన అతిథి. చెట్ల కింద విడిది చేసి నాలుగు పల్లెల వాళ్ళు కలిసి కూర్చోవడమనే ఈ పద్ధతిని మిషన్ మనకు నేర్పలేదు. మనమే మిషన్‌కు నేర్పాం.

చేరినవాళ్ళకు క్లౌ మూడు షరతులు పెట్టాడు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను కొలవకూడదు. వినడానికి ఇవి మత నియమాలే. మాదిగవాడి బతుకులో పెట్టి చూస్తే మూడూ ఊరి మీద తిరుగుబాట్లే. ఆదివారం పని మానడమంటే ఆసామి పిలిస్తే పోకపోవడం. మూడోదైతే నేరుగా డప్పుకు తగిలింది. పోలేరమ్మ కొలుపుకైనా, అంకమ్మ జాతరకైనా మాదిగవాడు డప్పు కొట్టాల్సిందే. చావుకు కొట్టాల్సిందే. కరణం, మునసబు చాటింపు వెయ్యమంటే వీధి వీధీ తిరిగి వెయ్యాల్సిందే. అది కళ కాదు, వెట్టి. కళ్ళంలో పడేసే మేర గింజలే దానికి కూలి. కొట్టనని నిలబడ్డవాళ్ళ మీద ఊరు కట్టు కట్టింది. కూలి పనులు ఆపింది, నీళ్ళకు పోకుండా చేసింది, తన్నింది. అయినా 1876-78 కరువు దాటాక జనం వేలల్లో వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కరువు కూటికోసం మతం మారారని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. కూడు పెట్టే మేరను వదులుకున్న సంగతి మాత్రం వాళ్ళు లెక్కలోకి తీసుకోరు.

ఇక్కడే మనకూ నల్లవాళ్ళకూ దారి వేరవుతుంది. 1739లో సౌత్ కరోలినాలో స్టోనో దగ్గర బానిసలు డప్పులు మోగిస్తూ తిరగబడ్డారు. మరుసటి ఏడు, 1740లో, బానిసలు డప్పులు వాడకూడదని చట్టమే తెచ్చారు. డప్పు మోగితే మనిషికీ మనిషికీ మాట కలుస్తుందని దొరల భయం. అక్కడ డప్పు కొట్టినందుకు కొట్టారు, ఇక్కడ కొట్టనన్నందుకు కొట్టారు. కాబట్టి అక్కడ డప్పు అందుకోవడం స్వేచ్ఛ అయింది, ఇక్కడ దించడం స్వేచ్ఛ అయింది. మా తాత తరం వాళ్ళు డప్పును చర్చిలోకి రానివ్వలేదని, వాళ్ళు తెల్లదొరల మాట విని సంస్కృతి పోగొట్టుకున్నారని మా యూనివర్సిటీ మిత్రులు కొందరు వాదిస్తారు. నేనొప్పుకోను. దింపాక మళ్ళీ ఎత్తుకోవాలా వద్దా అనేది వాళ్ళ పిల్లల పని.

అయితే నష్టమే లేదని కూడా అనను. డప్పు పోయిన చోట పాట మారింది. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పల్లెల్లోకి వచ్చాయి. ఆయన పుట్టుక బ్రాహ్మణ పుట్టుక, ఆయన కట్టు రాగాల కట్టు. మా ఆడవాళ్ళు వాటిని నాటుపాట వరసలోకి ఈడ్చి పాడేవాళ్ళు. అది వేరే వ్యాసం. అక్కడ గూడా చర్చికీ బ్లూస్‌కూ పడేది కాదు. శనివారం రాత్రి పాట దెయ్యం పాటనీ, ఆదివారం పాట దేవుడి పాటనీ గీత గీశారు. ఆ గీత దాటుతూ బతికిన మనుషులున్నారు. సన్ హౌస్ ప్రసంగీకుడిగా మొదలై బ్లూస్ పాడాడు. థామస్ డార్సీ జార్జియా టామ్ పేరుతో బ్లూస్ వాయించి, తర్వాత సువార్త పాటకే పెద్దదిక్కయ్యాడు.

మన డప్పుకు దగ్గరి చుట్టం మాత్రం ఉత్తర మిసిసిపీ కొండ ప్రాంతంలో ఉంది. ఒథా టర్నర్ అనే రైతు వెదురు పిల్లనగ్రోవి ఊదుతుంటే చుట్టూ డప్పులు కొట్టేవాళ్ళు. ఏటా తన పొలంలోనే మేకలు కోసి, కాల్చి ఊరందరినీ పిలిచేవాడు. ఆయన 2003లో పోయాక మనవరాలు దాన్ని అందుకుంది. మేక చుట్టూ, డప్పు చుట్టూ జనం. మన జాతరే, కాకపోతే పైన ఆసామి లేడు. అదొక్కటే తేడా, అదే అసలు తేడా.

గుడారం సంగతీ అంతే. మిసిసిపీలోనే 1965లో కూలి పెంచమని సమ్మె చేసిన పత్తి కూలీలను దొరలు ఇళ్ళల్లోంచి వెళ్ళగొడితే గుడారాల్లో బతికారు. 1966 జనవరి 31న ఇళ్ళు లేని కూలీలు గ్రీన్‌విల్‌లో ఖాళీగా పడున్న వైమానిక స్థావరంలోకి పోయి కూర్చున్నారు. ఫానీ లూ హేమర్ వంటి పౌరహక్కుల కార్యకర్తలు పెట్టుకున్న సంస్థ ఒకటుంది. అదే గ్రీన్‌విల్ దగ్గర ఫ్రీడమ్ విలేజ్ అనే పల్లెలో 1978లో డెల్టా బ్లూస్ పండుగ మొదలుపెట్టింది. ఆ నేల మీద గుడారం సరదాగా మొదలైంది కాదు.

మనకు కారంచేడు ఉంది. 1985 జూలై 17న ఆరుగురు మాదిగలను చంపాక మిగిలినవాళ్ళు చీరాల వచ్చి పడ్డారు. శిబిరంలో నెలల తరబడి ఉన్నారు. ఆ శిబిరానికి పాటలు వచ్చాయి, గద్దర్ పాట వచ్చింది. ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది. తొమ్మిదేళ్ళకు, 1994 జూలై 7న, ఇదే ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. దండోరా అంటే ఊరి పెద్దల మాటను మాదిగవాడు చాటే చాటింపు. ఆ మాటనే ఉద్యమానికి పేరుగా పెట్టుకోవడంలో ఉంది చరిత్రంతా. పేరయ్య తరం దింపిన డప్పును మనుమల తరం ఎత్తుకుంది, ఈసారి చాటింపు తమదే.

కొన్నేళ్ళ కిందట మా వైపు ఒక పల్లెలో సభలకు పోయాను. మూడోరాత్రి డప్పు పెడదామని కుర్రోళ్ళు, కుదరదని పెద్దోళ్ళు తగువు పడ్డారు. డప్పు తెలిసిన ముసలాయన ఒకాయన ఉంటే ఆయన్ని అడిగారు. "పిలిచి కొట్టమంటే కొట్టను. నాకు కొట్టాలనిపిస్తే నేనే వస్తా, నన్నెవురూ పిలవబాకండి" అన్నాడు. ప్రార్థన అయిపోయి జనం పడుకునే వేళకు ఆయనే వచ్చాడు. గాడిపొయ్యిలో ఇంకా నిప్పులున్నాయి. తోలు కాకచేసి, వేలితో రెండుసార్లు తట్టి చూసుకుని మొదలుపెట్టాడు. పాస్టరు గారు పడుకున్నారో, పడుకున్నట్టు ఉన్నారో తెలీదు, లేవలేదు. పడుకున్న ఆడవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే లేచి వచ్చారు.

తెల్లారి పందిరి విప్పి చందా లెక్కలు చూసేటప్పుడు ఆయనకు ఎంతివ్వాలని కుర్రోళ్ళు అడిగారు. ఇస్తే మేర అయిపోద్దని పెద్దోళ్ళు అడ్డుపడ్డారు. రాత్రి డప్పు వద్దన్నదీ వాళ్ళే. చాలాసేపు వాదులాడి పుస్తకంలో ఏమీ రాయలేదు. ఆయన మిగిలిన అన్నం అందరితోపాటు గిన్నెలో పెట్టించుకుని, డప్పు భుజానికి తగిలించుకుని ఇంటికి పోయాడు.