కెమేరాకు మూడు కాళ్ళు

గోదావరి పాపికొండల ఇరుకును దాటి మైదానంలోకి వచ్చే చోట, కుడి గట్టున పోలవరం ఉన్నది. సూర్యుడు అస్తమించిన తరువాత కొంతసేపు నీటిమీద నిలిచే వెలుగు, కొత్తగా కెమేరా కొన్నవానిని తప్పక రేవుకు రప్పిస్తుంది. కాని ఆ మసక వెలుగులో చేతపట్టి తీసిన ఫోటోలు చాలావరకు అలుక్కుపోతాయి. కెమేరా మంచిది కాదేమోనని అతడు అనుమానిస్తాడు. ఇంకా ఖరీదైన లెన్సు కొనాలనుకుంటాడు. నిజానికి లోటు కెమేరాలో లేదు. దాని కింద ఉండవలసిన మూడు కాళ్ళు లేకపోవడంలో ఉన్నది.

ఫోటో పరికరాలలో ఏది ముందు కొనాలి, ఏది తరువాత కొనాలి? ఈ ప్రశ్నకు దుకాణంలోని అద్దాల బీరువాకంటె ఫోటోగ్రఫీ చరిత్రే మంచి సమాధానం చెబుతుంది. ఎందుకంటే ఒక్కొక్క పరికరమూ ఒక్కొక్క ఇబ్బందినుంచి పుట్టినదే.

మొదటి ఇబ్బంది: కదలిక

1839లో ఫ్రాన్సు దేశస్థుడు డాగెర్ తన ఛాయాగ్రహణ పద్ధతిని లోకానికి వెల్లడించాడు. వెండిపూత పూసిన రాగి పలకపై బొమ్మ పడడానికి మంచి ఎండలో కూడా కొన్ని నిమిషాలు పట్టేది. అంతసేపు కెమేరాను చేతపట్టుకొని నిలబడడం ఎవరి తరం? కెమేరాకు స్టాండు తప్పనిసరి అయింది. ఫోటో తీయించుకొనే మనిషి తల కదలకుండా వెనుకనుంచి ఇనుప ఊత పెట్టేవారు.

ముక్కాలి స్టాండు అప్పటికే పాతది. భూములు కొలిచే సర్వేయర్లు తమ సాధనాలను దానిమీదనే నిలిపేవారు. మూడు కాళ్ళే ఎందుకు? నాలుగు కాళ్ళ బల్ల ఎగుడుదిగుడు నేలపై ఊగుతుంది. మూడు కాళ్ళ పీట ఊగదు. ఒకే సరళరేఖపై లేని మూడు బిందువులగుండా ఒకే ఒక తలం పోతుంది. నాల్గవ బిందువు ఆ తలంలోనే ఉండాలన్న నియమం లేదు. రేఖాగణితంలోని ఈ చిన్న సత్యమే కెమేరాను నిలబెడుతున్నది.

మద్రాసు ప్రభుత్వం 1856లో లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారిని ఫోటోగ్రాఫరుగా నియమించింది. 1858లో ఆయన మద్రాసు మ్యూజియంలోని అమరావతి శిల్పాలను చిత్రించాడు. కదలని రాతికి కదలని కెమేరా తోడైనందువల్లనే ఆ శిల్పాల వివరాలు కాగితంపై స్పష్టంగా నిలిచాయి.

గుంటూరులో గ్రహణం

1851లో ఇంగ్లండులో ఆర్చర్ కనుగొన్న తడి పలక పద్ధతితో ఎక్స్‌పోజరు సెకండ్లలోకి దిగింది. కాని గాజుపలకకు మందు పూయడం, ఫోటో తీయడం, కడగడం అన్నీ ఆ పూత ఆరకముందే జరగాలి. ఫోటోగ్రాఫరు చీకటి గుడారం, సీసాలు, నీళ్ళు వెంట మోసుకుపోవలసి వచ్చేది.

ఈ పద్ధతిలోనే 1868 ఆగస్టు 18న మేజర్ టెన్నెంట్ గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫోటోలు తీశాడు. అదే ఊరినుంచి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ సూర్యజ్వాలల వర్ణపటాన్ని పరిశీలించాడు. హీలియం కథ ఆ గ్రహణంతోనే మొదలైనది. అక్కడ స్టాండు కదలకుండా ఉన్నంత మాత్రాన చాలదు. భూభ్రమణంవల్ల సూర్యుడు ఆకాశంలో రమారమి రెండు నిమిషాలకు తన వ్యాసమంత దూరం జరుగుతాడు. అందువల్ల దూరదర్శినిని గడియారపు యంత్రంతో సూర్యుని వెంట తిప్పవలసి వచ్చింది.

1871లో మాడక్స్ పొడి పలకను కనుగొనడంతో గుడారం అవసరం తీరింది. 1888లో కొడక్ కెమేరా, 1925లో లైకా వచ్చాయి. కెమేరా స్టాండు దిగి మనిషి చేతిలోకి, భుజంమీదికి వచ్చింది. వియన్నాలో పుట్టిన హైమన్‌డార్ఫ్ 1941లో పోలవరానికి ఎగువ కొండలలో కొండరెడ్ల నడుమ తిరిగి, వారి జీవితాన్ని రాతలోను ఫోటోలలోను భద్రపరచగలిగింది ఈ చిన్న కెమేరాల యుగంలోనే. ఆయన గ్రంథం 1945లో వెలువడింది.

చెయ్యి ఎంత వణికితే ఎంత నష్టం?

మరి స్టాండు అవసరం తీరిపోయిందా? ఒక లెక్క చూద్దాం. 50 మిల్లీమీటర్ల లెన్సుగల కెమేరా, షట్టరు తెరచి ఉన్నంతలో డిగ్రీలో పదవ వంతు వణికిందనుకొందాం. లోపల బొమ్మ దాదాపు 0.09 మిల్లీమీటరు జరుగుతుంది. నేటి 24 మెగాపిక్సెల్ పెద్ద సెన్సరుపై ఒక్కొక్క గడి వెడల్పు సుమారు 0.006 మిల్లీమీటరు. అంటే బొమ్మ 15 గడుల మేర అలుక్కుపోయిందన్నమాట! 200 మిల్లీమీటర్ల లెన్సయితే ఆ నష్టం నాలుగింతలు. వణుకును సరిదిద్దే ఏర్పాట్లు నేటి కెమేరాలలో ఉన్నవి. కాని సంధ్యవేళ అనేక సెకండ్లు సాగే ఎక్స్‌పోజరుకు అవి చాలవు.

కొనే వరుస

కాబట్టి కొత్తవాడు మొదట కొనవలసినది స్టాండే. దుకాణంలో దాని కాళ్ళు పూర్తిగా సాచి, తన కెమేరానే బిగించి, లెన్సును వేలితో మెల్లగా తట్టి చూడాలి. వణుకు వెంటనే ఆగిపోతే మంచిది. కెమేరా, లెన్సు కలిసిన బరువుకు కనీసం రెండింతలు మోయగలగాలి. నడిమి కడ్డీ లేపకుండానే కంటి ఎత్తుకు రావాలి. కడ్డీ లేపితే స్టాండు ఒంటికాలిపై నిలిచినట్లే. కాళ్ళలో మడతలు తక్కువైనకొద్దీ బిగువు ఎక్కువ. అల్యూమినియం చవక, కార్బన్ నారతో చేసినది తేలిక, కాని ఖరీదు. నిశ్చల చిత్రాలకు బంతి తల, చలనచిత్రాలకు అడ్డంగా, నిలువుగా విడివిడిగా తిరిగే తల అనుకూలం. బిగించే మర విషయంలో బెంగ అక్కరలేదు: పావు అంగుళం వ్యాసం, అంగుళానికి 20 చుట్లు అన్నది అంతర్జాతీయ ప్రమాణం. పెద్ద కెమేరాలకు మూడెనిమిదో వంతు అంగుళం, 16 చుట్లు.

గోదావరి ఒడ్డున మరికొన్ని జాగ్రత్తలు గలవు. ఇసుకలో కాళ్ళను లోతుగా దిగవేయాలి, లేదా కింద పెంకుముక్కలు పెట్టాలి. గట్టు వాలులో రెండు కాళ్ళు దిగువకు, ఒకటి ఎగువకు ఉండాలి. లాంచీ మీద మాత్రం స్టాండు పనికిరాదు. ఇంజను అదురు కాళ్ళగుండా కెమేరాకు ఎక్కుతుంది. అక్కడ చెయ్యే మేలు.

తరువాతిది షట్టరు తీగ. లేనివారికి కెమేరాలోని రెండు సెకండ్ల టైమరు చాలు, ఖర్చు లేదు. ఆపైన పోలరాయిడ్ ఫిల్టరు. నీటికి లంబంగా గీసిన రేఖతో 53 డిగ్రీల కోణంలో ప్రతిఫలించే తళుకును అది దాదాపు పూర్తిగా అణచివేస్తుంది. వానకాలపు తేమకు లెన్సులో బూజు పట్టకుండా సిలికాజెల్ పొట్లాలు వేసిన డబ్బా ఒకటి. మిగిలినవన్నీ అవసరం తోచినప్పుడే.

ఇదంతా కేవలం సరదా కోసమేనా? 2021లో పోలవరం ప్రాజెక్టువద్ద నదిని స్పిల్‌వే మీదుగా మళ్ళించిన తరువాత, ఎగువన దేవీపట్నం పరిసరాల పల్లెలను నీరు ముంచింది. ఇళ్ళు, రేవులు, రచ్చచెట్లు మునిగాయి, జనం తరలిపోయారు. హైమన్‌డార్ఫ్ తీసిన ఫోటోలు ఆయన ఆచార్యుడుగా పనిచేసిన లండన్ ప్రాచ్య, ఆఫ్రికా విద్యాసంస్థలో భద్రంగా ఉన్నవి. ఆ కొండల మనుమలు తమ తాతల ముఖాలను నేడు చూడగలిగితే వాటివల్లనే. మునగబోయే ఊరిని రెండవసారి ఫోటో తీయడానికి వీలులేదు. అట్టి చోట అలుక్కుపోయిన ఫోటో ఒక జ్ఞాపకాన్ని శాశ్వతంగా పోగొట్టుకోవడమే. ముక్కాలి స్టాండు విలువ అక్కడ తెలుస్తుంది.