అసిడియన్లలో నివసించే కోపిపోడ్లు: దేహనిర్మాణం, వర్గీకరణ చరిత్ర

సైక్లోప్స్ మీకు పరిచయమైన జీవే. దిగుడుబావుల నీటిలో ఉంటూ, ఒకప్పుడు మన పల్లెల్లో నారికురుపు వ్యాధిని మోసిన చిన్న క్రస్టేషియన్ అది. దాని బంధువులు కొన్ని సముద్రంలో, అసిడియన్ల దేహంలో నివసిస్తాయి. వాటిని సైక్లోప్స్ సరసన ఉంచాలా, వేరుగా ఉంచాలా అనే ప్రశ్న 19వ శతాబ్దం మధ్య నుంచి 20వ శతాబ్దం చివరి పాదం వరకు నలిగింది. ఒక జీవిలో కనిపించే ఏ లక్షణం పుట్టుకను చెబుతుంది, ఏ లక్షణం కేవలం బతుకుతెరువును చెబుతుంది అన్నదే ఆ ప్రశ్న వెనుక ఉన్న అసలు సమస్య.

ముందుగా అతిథేయి గురించి కొంత తెలుసుకోవాలి. అసిడియన్ రాళ్లకు, ఓడల అడుగులకు, రేవు స్తంభాలకు అంటుకుని బతికే సంచి వంటి జంతువు. దాని దేహాన్ని దళసరి కంచుకం కప్పి ఉంటుంది. ఒక రంధ్రం గుండా నీటిని లోనికి తీసుకుని, చీలికలున్న విశాలమైన గ్రసనిలో వడగట్టి, మరో రంధ్రం గుండా బయటికి పంపుతుంది. నీటిలోని ఆహారకణాలు గ్రసనిలోని శ్లేష్మానికి అంటుకుంటాయి. ఆ శ్లేష్మం తాడులా చుట్టుకుని ఆహారవాహికలోకి జారుతుంది. లోపల చేరిన చిన్నజీవికి నిరంతరం పారే నీరు, రక్షణ, సిద్ధంగా ఉన్న భోజనం అన్నీ ఒకేచోట దొరుకుతాయి. ఇంతకంటే మంచి అద్దె ఇల్లు సముద్రంలో ఉండదేమో!

1847లో, డబ్లిన్‌లో వృక్షశాస్త్ర ఆచార్యుడిగా ఉన్న జార్జ్ జేమ్స్ అల్మన్ ఇలాంటి ఒక కోపిపోడ్‌ను వర్ణించి, నోటోడెల్ఫిస్ అసిడికోలా అని పేరు పెట్టాడు. గ్రీకులో నోటాన్ అంటే వీపు, డెల్ఫిస్ అంటే గర్భాశయం. అసిడికోలా అంటే అసిడియన్‌లో నివసించేది. ఈ పేరును గుర్తుంచుకుంటే దేహనిర్మాణంలో సగం గుర్తున్నట్లే. ఆడ సైక్లోప్స్ తన గుడ్లను రెండు సంచులలో దేహానికి వెలుపల, ఇరుపక్కలా వేలాడదీసుకుని తిరుగుతుంది. ఆడ నోటోడెల్ఫిస్‌లో అలాంటి సంచులు లేవు. దాని ఉరంలోని వెనుకటి ఖండితాలు కలిసిపోయి, వీపు వైపు ఉబ్బి, పిండకోశంగా మారాయి. గుడ్లు అందులోనే పెరుగుతాయి. వాటిలోంచి వచ్చిన నాప్లియస్ డింభకాలు నీటిలోకి వెళ్తాయి. ఈదుతూ పెరిగి, కోపిపోడిడ్ దశకు చేరాక కొత్త అతిథేయిని వెతుక్కుంటాయి.

పిండకోశాన్ని కాసేపు పక్కన పెట్టి మిగిలిన దేహాన్ని చూడండి. ఈదడానికి పనికివచ్చే నాలుగు జతల ద్విశాఖీయ కాళ్లు ఉన్నాయి. హనువులు నమిలే రకానివే. రెండో జత స్పర్శశృంగాల కొనలు మాత్రం కొక్కేలుగా మారి, గ్రసని గోడను పట్టుకోవడానికి ఉపయోగపడతాయి. మగజీవికి పిండకోశం ఉండదు. సన్నని దేహంతో అది స్వేచ్ఛగా తిరిగే సైక్లోప్స్‌ను చాలావరకు పోలి ఉంటుంది. నా అభిప్రాయంలో బంధుత్వపు గుట్టు మొదటి నుంచీ మగజీవిలోనే ఉంది. అయితే పరిశోధకుల చూపు ఎక్కువగా పెద్దదైన, వింతైన ఆడజీవి మీదే నిలిచింది.

1859లో స్వీడన్‌కు చెందిన టోర్డ్ టొరెల్ ఈ జీవుల మీద ఒక విస్తృతమైన గ్రంథం రాశాడు. సాలెపురుగుల శాస్త్రజ్ఞుడిగానే ఆయనకు ఎక్కువ పేరు. అతిథేయి ఏది, జీవనవిధానం ఏది అన్నవాటిని కాక నోటి భాగాలను ఆధారం చేసుకుని ఆయన కోపిపోడ్లన్నిటినీ మూడుగా విభజించాడు. నమిలే హనువులున్నవి గ్నాథోస్టోమా, గొట్టం వంటి నోరున్నవి సైఫనోస్టోమా, ఈ రెంటికీ చెందనివి పీసిలోస్టోమా. దీని ప్రకారం నోటోడెల్ఫిస్ చేపల రక్తం పీల్చే పరాన్నజీవులతో కాక, స్వేచ్ఛాజీవులైన సైక్లోప్స్ వంటి వాటితో చేరింది. అసిడియన్ లోపల ఉన్నంత మాత్రాన పరాన్నజీవుల గుంపులో పడేయకపోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. పీసిలోస్టోమాకు హనువులే లేవన్న టొరెల్ మాట నిలవలేదు. హనువులు ఉన్నాయని తరువాత జర్మన్ శాస్త్రజ్ఞుడు క్లాస్ వాదించాడు.

అసలు ఇవి పరాన్నజీవులేనా? లూవెన్‌లో ఆచార్యుడైన వాన్ బెనెడెన్ 1875 నాటి తన ప్రసిద్ధ గ్రంథంలో పరాన్నజీవినీ సహభోజినీ వేరుచేసి చూపాడు. ఒకే బల్ల దగ్గర తినేది సహభోజి. గ్రసనిలో ఉంటూ శ్లేష్మానికి అంటిన ఆహారాన్ని తినే కోపిపోడ్‌కు ఈ మాట బాగా నప్పుతుంది. ఆహారవాహికలో నివసించే అసిడికోలా రోజియా కూడా ఆ శ్లేష్మపు తాడునే తింటుంది. దానికి పిండకోశం లేదు. గుడ్ల సంచులను ఆకుల వంటి పలకలు కప్పి కాపాడతాయి. గుడ్లను రక్షించుకోవడమనే ఒకే అవసరానికి రెండు వేరు నిర్మాణాలు ఏర్పడ్డాయన్నమాట. వాన్ బెనెడెన్ 1860లో వర్ణించిన ఎంటెరోకోలా ఇంకా లోపలికి, జీర్ణనాళంలోకి చేరింది. ఆడజీవి పురుగులా మెత్తగా ఉంటుంది, కాళ్లు చిన్న తమ్మెలుగా కుదించుకుపోయాయి. దాన్ని చూసి కోపిపోడ్ అని గుర్తించడం కష్టం.

20వ శతాబ్దం తొలి ఏళ్లలో నార్వే శాస్త్రజ్ఞుడు జి. ఓ. సార్స్ కోపిపోడ్లను ఏడు విభాగాలుగా పునర్వ్యవస్థీకరించి, నోటోడెల్ఫియోయిడాకు అందులో ప్రత్యేక స్థానం ఇచ్చాడు. సార్స్ చిత్రాలు అద్భుతమైనవి. ఆ విభజన దశాబ్దాలపాటు నిలవడానికి అవీ ఒక కారణమని నేను అనుకుంటాను. అమెరికాలో పాల్ ఇల్గ్ 1958లో ఉత్తర అమెరికా నోటోడెల్ఫిడ్లను సమగ్రంగా వర్ణించాడు. ప్యాట్రీషియా డడ్లీ 1966లో పసిఫిక్ తీర జాతుల అభివృద్ధి దశలను వివరించింది. ప్రౌఢజీవిలో చెరిగిపోయిన లక్షణాలు పిల్లదశలలో కనిపిస్తాయి కాబట్టి ఇలాంటి పని వర్గీకరణకు చాలా అవసరం. చివరకు 1979లో, చేపల పరాన్నజీవుల నిపుణుడైన కబాటా నోటోడెల్ఫియోయిడాను తొలగించి, ఆ జీవులను సైక్లోపోయిడాలో చేర్చాడు. మీ అధ్యయన కేంద్రంలోని పాత పుస్తకాలలో నోటోడెల్ఫియోయిడా ప్రత్యేక విభాగంగా కనిపిస్తే, అవి అంతకుముందు కాలానివని గ్రహించండి.

ఈ మధ్యలో అతిథేయి చిరునామా కూడా మారింది. అల్మన్ కాలంలో అసిడియన్లను మొలస్కాలతో కలిపి లెక్కించేవారు. 1866లో కొవలెవ్‌స్కీ వాటి డింభకంలో పృష్ఠవంశాన్ని చూపడంతో అవి మన వంశానికే, కార్డేటాకు దగ్గరయ్యాయి. కోపిపోడ్ల వైపు మార్పులు ఇంకా ఆగలేదు. టొరెల్ పెట్టిన పేరును నిలుపుకున్న పీసిలోస్టోమ్‌లను కూడా సైక్లోపోయిడాలో కలపాలని 2017లో జన్యు విశ్లేషణ ఆధారంగా ప్రతిపాదించారు.