పాత కారును ఎప్పుడు అమ్మాలి: సరిహద్దు గ్రామాల్లో చూడవలసిన లెక్కలు

పూర్వపు బస్తర్, నేటి సుక్మా జిల్లాలోని మరైగూడ తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న గ్రామం. ఇలాంటి ఊళ్లలో కారు హోదాకు గుర్తు మాత్రమే కాదు. అర్ధరాత్రి ప్రసవవేదనకైనా, పాముకాటుకైనా భద్రాచలం ఆసుపత్రికి చేర్చవలసింది తరచుగా ఇంటి ముందున్న ఆ బండే. అందుకే ఏళ్ల తరబడి శ్రద్ధగా చూసుకున్న కారును అమ్మాలా, ఉంచుకోవాలా అన్నది మమకారంతో మాత్రమే తేలే విషయం కాదు.

బాగా చూసుకున్న కారుకు మంచి ధర రావాలని యజమాని ఆశిస్తాడు. మార్కెట్టు ముందుగా చూసేది తయారైన సంవత్సరాన్ని. బీమా లెక్కలో సైతం నాలుగేళ్లు దాటి అయిదో ఏడు నిండేలోపు వాహనం విలువలో సగం తరిగిపోతుంది. ఆ తరువాతి విలువను బీమా సంస్థ, యజమాని కలసి నిర్ణయించుకోవలసిందే. మంచి నిర్వహణ వల్ల కొనేవాడు త్వరగా దొరుకుతాడు, బేరంలో కొంత పట్టు ఉంటుంది. పోయిన సంవత్సరాలు మాత్రం తిరిగి రావు.

చాలామంది మరమ్మతు ఖర్చును కారు అమ్మకపు ధరతో పోల్చి తొందరపడతారు. ఎనభై వేలు పలికే కారుకు నలభై వేల ఇంజన్ పని దండగ అనిపించవచ్చు. అయితే ఆ పనితో మరో మూడేళ్లు నిశ్చింతగా తిరిగితే, ఆ మొత్తం కొత్త కారు వాయిదాలతో పోలిస్తే ఏపాటిది? సరైన పోలిక అదే. ఏ రాత్రి అయినా, ఏ వానలో అయినా ఆ కారును నమ్మి బయలుదేరగలమా అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. ఒక లోపాన్ని సరిచేసిన నెలకే మరొకటి బయటపడుతుంటే, విడిభాగాల కోసం రోజుల తరబడి బండి షెడ్డులోనే ఉండిపోతుంటే, జవాబు దొరికినట్టే. మారుతి 800, అంబాసిడర్ రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వాడుకలోకి వచ్చాక, దానికోసం తయారుకాని పాత ఇంజన్లలో రబ్బరు గొట్టాలు, గాస్కెట్లు ముందుగానే మార్చవలసి రావచ్చు.

పదిహేనేళ్లు నిండగానే కారును ప్రభుత్వం పట్టుకుపోతుందన్న భయం ఊళ్లలో ఉంది. ఢిల్లీ పరిసరాల్లో వచ్చిన ఆంక్షల వార్తలే దీనికి మూలం. అవి ఇక్కడికి వర్తించవు. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది, తనిఖీలో నెగ్గితే అయిదేళ్ల చొప్పున పొడిగిస్తారు. ఖర్చు మాత్రం పెరిగింది. 2022 ఏప్రిల్‌కు ముందు రూ. 600గా ఉన్న రుసుము రూ. 5,000 అయింది, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో రూ. 10,000 చేశారు. గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. ఆలస్యమైతే నెలకు రూ. 500 అదనం. అమ్మదలచిన వారు ఆర్‌సీ గడువుకు ఏడాది ముందే నిర్ణయించుకోవడం మేలు. గడువు దగ్గరపడిన కారుకు కొనేవాడు ఆ రుసుమును, తనిఖీ భారాన్ని ధరలోంచి తీసేస్తాడు.

మరైగూడ కారును కొనేవారు తరచూ సరిహద్దు అవతలివారే కావచ్చు. చిక్కు అక్కడ మొదలవుతుంది. కారు తెలంగాణకు వెళ్లాలంటే ఛత్తీస్‌గఢ్ రవాణా కార్యాలయం నుంచి ఫారం 28పై నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. పన్ను బకాయిలు, బ్యాంకు రుణం ముందే తీర్చుకోవాలి. కారును మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తప్పనిసరి. అక్కడి జీవితపన్ను కూడా కొత్త యజమాని మీదే పడుతుంది కనుక బేరంలో ధర ఆ మేరకు తగ్గుతుంది. స్వరాష్ట్రంలోనే అమ్మితే ఈ బాదరబందీ లేదు. ఫారం 29, ఫారం 30 సరిపోతాయి, పద్నాలుగు రోజుల్లో కార్యాలయానికి తెలియజేయాలి.

తెలిసినవాళ్లే కదా అని డబ్బు తీసుకుని తాళాలు ఇచ్చేసి, పేరు మార్పిడిని కొన్నవారికి వదిలేయడం అన్నింటికంటే ప్రమాదకరం. రిజిస్ట్రేషన్‌లో ఎవరి పేరు ఉంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. చేతులు మారిన కారు ఏ కేసులో పట్టుబడినా విచారణ ముందుగా వచ్చేది పాత యజమాని గుమ్మానికే.

కాలం విషయానికి వస్తే, వేసవి అమ్మకానికి అనువైనది. తునికాకు డబ్బు ఊళ్లలోకి వచ్చేదీ, వానలకు ముందు బండి కోసం వెతుకులాట మొదలయ్యేదీ అప్పుడే. తనిఖీలో నెగ్గని కారును గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి ఇస్తే డిపాజిట్ ధ్రువపత్రం లభిస్తుంది. దానితో కొత్త సొంత వాహనం పన్నులో రాష్ట్రాలు 25 శాతం వరకు రాయితీ ఇవ్వవచ్చని కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి.