రెక్క కింద మరిగిన నూనె

టెక్సస్‌లో చమురు ఉద్యోగం చేసేవాడెవడైనా ఎప్పుడో ఒకసారి మిడ్లాండ్ మొహం చూడాల్సిందే. ఊళ్ళో పెద్దగా చూడ్డానికి ఏమీ లేదు గానీ అక్కడి పెట్రోలియం మ్యూజియం మాత్రం వదలకూడదు. డ్రిల్లింగ్ సామాన్లతో పాటు జిమ్ హాల్ తయారుచేసిన చాపరల్ రేసు కార్లు కూడా అందులోనే ఉన్నాయి. వచ్చినవాళ్ళంతా వీపు మీద ఎత్తుగా రెక్క నిలబెట్టిన తెల్ల కారు దగ్గర ఫోటో దిగుతారు. నేను మాత్రం వెనక్కి వెళ్ళి, వంగి, గేరు బాక్సు ఎక్కడుందా అని వెతుకుతాను. విజయవాడ ఆటోనగర్‌లో పెరిగినవాడికి ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది?

హాల్ కాల్‌టెక్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు. ఇంట్లో చమురు డబ్బు ఉంది. తోడు దొరికిన హాప్ షార్ప్ కూడా చమురు మనిషే. ఇద్దరూ మిడ్లాండ్ శివార్లలో రాటిల్‌స్నేక్ రేస్‌వే అని సొంత ట్రాకు పెట్టుకున్నారు. 1963లో జనరల్ మోటార్స్ రేసులతో మాకు సంబంధం లేదని ప్రకటించింది. షెవర్లే పరిశోధన విభాగం ఇంజనీర్లు మాత్రం చడీచప్పుడు లేకుండా ఈ ట్రాకుకి వచ్చిపోతూనే ఉన్నారు. 1964లో చాపరల్ కారుకి ఎక్కిన టార్క్ కన్వర్టర్ గేరు బాక్సు ఆ చాటు కాపురం సంతానమే.

దాన్ని ఆటోమేటిక్ అన్నారు గానీ అది సగం నిజమే. గేరు దానంతటది పడదు. డ్రైవరే యాక్సిలరేటర్ మీద కాలు తేల్చి లివర్ నెట్టాలి. లేనిదల్లా క్లచ్చి పెడల్. అంటే ఎడమ కాలు ఖాళీ. హాల్ ఆ కాలిని బ్రేకు మీదికి మళ్ళించాడు. 1966లో 2ఇ కారు వచ్చేసరికి ఆ కాలికి ఇంకో పని కూడా దొరికింది. తిన్నని దారిలో రెక్కకని పెట్టిన పెడల్ తొక్కితే రెక్క చదునవుతుంది, మలుపు ముందు వదిలితే వాలి కారుని నేలకి అదిమిపడుతుంది. ఆ రెక్కని ప్రపంచమంతా పొగిడింది. క్లచ్చి పెడల్ అక్కరలేని గేరు బాక్సే లేకపోతే ఆ పెడల్ తొక్కే కాలెక్కడిది?

కానీ ఊరికే ఏదీ రాదు. టార్క్ కన్వర్టర్‌లో ఇంజను శక్తి నూనె ద్వారా చక్రాలకు చేరుతుంది. నూనెను తోసే పంకా, ఆ తోపుకి తిరిగే పంకా ఒకే వేగంతో తిరగవు. ఆ తేడాలో పోయిన శక్తి వేడిగా మారుతుంది. 1845 ప్రాంతంలో జేమ్స్ జూల్ నీళ్ళలో తెడ్లు తిప్పి కనిపెట్టింది ఇదే, తిప్పిన శ్రమ వేడి అవుతుందని. 500 హార్స్‌పవర్ ఇంజను శక్తిలో 5 శాతం ఇలా జారిపోయిందనుకోండి, 18 కిలోవాట్లకు పైమాటే. తొమ్మిది ఇండక్షన్ పొయ్యిలు పూర్తి మంట మీద వెలిగించి గేరు బాక్సు కింద పెట్టినట్టు. రోడ్డు మీద ఇది తెలియదు. ట్రాకులో ప్రతి మలుపు దాటాక పూర్తిగా తొక్కుతాం కాబట్టి నూనెకి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు.

చిన్న ఇంజనుతో పని బాగానే నడిచింది. 1965లో కుండపోత వానలో హాల్, షార్ప్ సెబ్రింగ్ 12 గంటల రేసు గెలిచారు. 1966 జూన్‌లో ఫిల్ హిల్, జో బోనియే 5.4 లీటర్ల 2డి కారుతో నూర్‌బర్గ్‌రింగ్‌లో 1000 కిలోమీటర్ల పందెం కొట్టారు. ఒక్క చుట్టు దాదాపు 23 కిలోమీటర్లు ఉండే ఆ కొండదారి మీద ఆటోమేటిక్ గెలవడమంటే మాటలు కాదు.

ఆ మరుసటేడు ఆశ పెరిగింది. 2ఎఫ్ కారుకి 7 లీటర్ల ఇంజను, మూడు గేర్లు, నెత్తిన రెక్క. వేగంలో దానికి ఎదురులేదు. ఆ ఇంజను తిప్పుడుకి గేరు బాక్సే తట్టుకోలేకపోయింది. స్పాలో గేరు బాక్సు, నూర్‌బర్గ్‌రింగ్‌లో గేరు బాక్సు. ల మాన్‌లో రాత్రంతా పరిగెత్తి, చివరికి గేరు బాక్సు సీలు పోయి ఆగింది. ఆ సీలు ధర చెబితే నవ్వుతారు. దాని దగ్గరికి చెయ్యి చేరడానికే గంటలు పడుతుంది. వేడికి ముందుగా గట్టిపడి లొంగిపోయేది ఆ రబ్బరే, ఇది మా ఆటోనగర్ కుర్రాడిని అడిగినా చెబుతాడు. జూలై 30న బ్రాండ్స్ హాచ్‌లో మాత్రం బాక్సు ఆరు గంటలు నిలబడింది. హిల్, మైక్ స్పెన్స్ గెలిచారు. హిల్‌కి అదే ఆఖరి రేసు. 1968 నుంచి 3 లీటర్ల పరిమితి వచ్చి 2ఎఫ్ మూలకి చేరింది.

అప్పటి ఆటోమేటిక్ గేరు నూనెల్లో తిమింగలం నూనె కలిపేవారంటే నమ్ముతారా? క్లచ్చి పలకలు మెత్తగా పట్టుకోవడానికి, వేడికి ఓర్చుకోవడానికి అంతకు మించింది దొరకలేదట. 1970ల మొదట్లో అమెరికా చట్టం దాన్ని ఆపాక రసాయన శాస్త్రజ్ఞులు ప్రత్యామ్నాయాల కోసం నానా తంటాలు పడ్డారు.

ఇప్పటి ఆటోమేటిక్‌లలో కారు కదిలిన కాసేపటికే లాకప్ క్లచ్ పడి రెండు పంకాలనీ ఒకటి చేసేస్తుంది. జారుడు లేదు, వేడి తగ్గింది. 2017లో బీఎండబ్ల్యూ ఎం5 టార్క్ కన్వర్టర్‌కి మారిందంటే ఆ ధైర్యంతోనే. అయినా చాలా మామూలు కార్లలో గేరు నూనెను చల్లార్చే గొట్టం రేడియేటర్ తొట్టిలోనే ఉంటుంది. ఆ నీళ్ళే 100 డిగ్రీలు దాటి ఉడుకుతుంటే నూనె అంతకన్నా ఎలా చల్లబడుతుంది?

ఆటోమేటిక్ కారుని ట్రాకు మీదికి తీసుకెళ్ళాలని ముచ్చటపడేవాళ్ళకి నా మాట ఒకటే. రెక్కా, వెడల్పు టైర్లూ తర్వాత. ముందు గేరు నూనెకి ఉష్ణోగ్రత మీటరు పెట్టించండి. ముందువైపు గాలి తగిలేచోట వేరే కూలర్ బిగించండి. ముల్లు 120 డిగ్రీలు దాటితే ఇంకొక్క చుట్టు అనుకోకుండా నెమ్మదించి, గాలి తగలనిస్తూ ఒక చుట్టు తిప్పి పిట్‌లోకి వచ్చేయండి.